గుణింతం అప్పజెప్పే పిల్లలు పదం చదవాలంటే ఏం చేయించాలి?

ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులూ, ఆ తరగతుల్లో పిల్లలున్న తల్లిదండ్రులూ పదే పదే అడిగే ప్రశ్న ఇది: "మా వాడికి అక్షరాలన్నీ వచ్చు, క గుణింతం ఎక్కడా తడుముకోకుండా అప్పజెబుతాడు, అయినా పుస్తకంలో చిన్న పదం చూపిస్తే చదవలేకపోతున్నాడు. ఎందుకు?" దీనికి జవాబు మీ ఎదురుగానే దొరుకుతుంది. ఒక కాగితం మీద 'కే' అని ఒక్క అక్షరమే రాసి ఆ పిల్లవాడికి చూపించి, అతని పెదవులను గమనించండి. చాలామంది పిల్లలు వెంటనే జవాబు చెప్పకుండా, "క కా కి కీ కు కూ" అని లోలోపల మొదటి నుంచి అనుకుంటూ వచ్చి, కే దగ్గర ఆగి, అప్పుడు పైకి చెబుతారు. అంటే పిల్లవాడికి వచ్చింది పాట వరుస మాత్రమే. ఆ గుర్తును చూడగానే ఆ ధ్వని నోటికి రావడం ఇంకా అలవాటు కాలేదు. పదంలో అక్షరాలు గుణింతం వరుసలో ఉండవు కాబట్టి, ప్రతి అక్షరానికీ మొదటి నుంచి పాడుకోవలసి వచ్చి, పదం చివరికి చేరేసరికి మొదటి అక్షరం మరచిపోతాడు.

కాబట్టి చేయవలసిన పని గుణింతాన్ని ఇంకో వందసార్లు వల్లె వేయించడం కాదు. వరుసను చెదరగొట్టి, తెలిసిన కొద్ది అక్షరాలతోనే మొదటి వారం నుంచి పదాలు చేయించి, చదివించి, రాయించాలి. కింద చెప్పిన పద్ధతి రోజుకు 45 నిమిషాల తెలుగు పీరియడుకు సరిపోయేది. ఒకే గదిలో రెండు మూడు తరగతులను ఒక్కరే చూసుకునే బడిలో కూడా దీన్ని నడపవచ్చు. అందుకు ఏం మార్చుకోవాలో తగిన చోట చెబుతాను.

కావలసినవి

పలకలు, బలపాలు, పలక తుడవడానికి గుడ్డముక్క ఒక్కొక్కరికీ ఉండాలి. నోటుపుస్తకం కంటే పలకే మేలు, ఎందుకంటే తప్పు రాస్తే వేలితో చెరిపి అక్కడికక్కడే సరిదిద్దుకోవచ్చు. తప్పు పోయిన తరువాత దాని ఆనవాలు కూడా మిగలదు.

అక్షరాల కార్డుల కోసం వాడేసిన శుభలేఖల అట్టలను అరచేతిలో పట్టేంత ముక్కలుగా కత్తిరించి, లావు స్కెచ్ పెన్నుతో ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం రాయండి. ఒక్కో అక్షరానికి కనీసం నాలుగు కార్డులు ఉంటే నాలుగు జట్లు ఒకేసారి పని చేయగలవు. కార్డు కింది అంచున ఒక గీత గీయండి. లేకపోతే పిల్లలు దాన్ని తలకిందులుగా పట్టుకుని అదేదో కొత్త అక్షరమనుకుంటారు.

ఇవి కాక ఒక గుడ్డసంచి, సుద్దముక్కలు, బొమ్మలున్న చిన్న కథల పుస్తకాలు నాలుగైదు, పిల్లల పేర్లు రాసుకున్న ఒక పుస్తకం కావాలి. అట్టలు దొరకకపోతే నేల మీద సుద్దతో గళ్ళు గీసి అక్షరాలు రాయవచ్చు. అక్షరం ఆకారాన్ని చింతగింజలతో పేర్పించవచ్చు.

1. ముందుగా ఎవరికి ఎంత వచ్చో చూసుకోండి

ఒక్కొక్క పిల్లవాడిని పక్కకు పిలిచి రెండు మూడు నిమిషాలు కేటాయించండి. వరుస తప్పించి రాసిన పది అక్షరాలు, గుణింత గుర్తులున్న పది అక్షరాలు, అయిదు చిన్న పదాలు చూపించి, చెప్పినవాటిని గుర్తు పెట్టుకోండి. తరగతి మూడు గుంపులుగా విడిపోతుంది: అక్షరాలే సరిగా రానివారు, అక్షరాలు వచ్చినా గుణింతం రానివారు, పదాలు కూడబలుక్కుని చదివేవారు.

ఈ పనిని తరగతి అందరి ముందూ చేయకండి. రాని పిల్లవాడు పక్కవాడి నోటిని చూసి చెబుతాడు, లేదా సిగ్గుపడి నోరు మూసుకుంటాడు. రెండు సందర్భాల్లోనూ మీకు నిజం తెలియదు. ఈ గుంపులను మొద్దులు, తెలివైనవారు అనే అర్థం వచ్చే పేర్లతో పిలవకండి. పూల పేర్లు పెట్టండి, మూడు వారాలకొకసారి మార్చండి.

2. చూపించే ముందు వినిపించండి

పలక తీయకముందు అయిదు నిమిషాల పాటు నోటితో ఆడే ఆట ఆడించండి. మీరు "పడవ" అంటే పిల్లలు "ప, డ, వ" అని మూడు చప్పట్లు కొట్టాలి. తరువాత "మొదటి చప్పుడు ఏది? చివరి చప్పుడు ఏది?" అని అడగండి. ఆ తరువాత "పడవలో ప తీసేస్తే ఏం మిగులుతుంది?" అని అడిగితే "డవ" అని చెప్పగలగాలి. తెలుగులో పలికే ప్రతి ముక్కకూ దాదాపుగా ఒక అక్షరం ఉంటుంది కాబట్టి, పదాన్ని చెవితో విడగొట్టగలిగిన పిల్లవాడికి రాత సగం వచ్చినట్టే. పలక మీద 'పలక' అని రాయమంటే 'పక' అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. వారికి ల రాక కాదు, మధ్యలోని ముక్క చెవికి ఆనక అలా రాస్తారు. వారికి రాత కంటే ఈ చప్పట్ల ఆటే ఎక్కువసార్లు ఆడించాలి.

బొమ్మలు వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సొరకాయ బొమ్మ చూపించి మొదటి అక్షరం అడిగితే, ఇంట్లో ఆనపకాయ అనే పిల్లవాడు 'ఆ' అంటాడు, అది తప్పు కాదు. ప్రాంతాన్ని బట్టి పేరు మారే వస్తువుల బొమ్మలను ఈ ఆట నుంచి తీసేయండి, లేదా ముందుగా "దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగి ఆ పేరుతోనే ఆడించండి. ఇంట్లో లంబాడీ, కోయ, గోండి, సవర, ఉర్దూ వంటి భాషలు మాట్లాడే పిల్లలున్నప్పుడు ఈ ప్రశ్న తప్పనిసరి. పదం అర్థం తెలియకుండా దాని ముక్కలు విడదీయమనడం వారికి రెట్టింపు బరువు. ముందు వస్తువు చూపించి, తెలుగు పేరు రెండు మూడు రోజులు మాటల్లో వాడి, ఆ తరువాతే దాన్ని అక్షరాల్లోకి తీసుకురండి.

3. ఆరు అక్షరాలతో మొదలుపెట్టండి

అ నుంచి ఱ వరకు పూర్తయ్యేదాకా పదాలు మొదలుపెట్టకూడదన్న నియమం ఏదీ లేదు. త, ల, ప, డ, క, వ అనే ఆరు అక్షరాలు తీసుకోండి. వీటితోనే తల, వల, కల, వడ, పడవ, పలక, కడవ, పడక, కలప, తడక అనే పది పదాలు వస్తాయి. ఇవన్నీ చేత్తో చూపించగలిగినవి, లేదా రెండు మాటల్లో చెప్పగలిగినవి. రోజుకు ఒకటి, మహా అయితే రెండు అక్షరాలు చెప్పండి. ప, వ ఒకదానినొకటి పోలి ఉంటాయి కాబట్టి ఆ రెండింటినీ ఒకే రోజు చెప్పకండి. ప బాగా కుదిరిన మూడు నాలుగు రోజుల తరువాతే వ చూపించండి.

తరువాతి విడతలో గ, న, మ, ర, స, ద చేర్చితే గడప, నడక, పనస, మడత, దవడ, గద, నగ వస్తాయి. ఆ తరువాత అచ్చులను, వాటితో పాటు ట, య, జ, బ లను తీసుకుంటే ఆట, ఈక, ఈత, ఉడత, ఊయల, జడ వస్తాయి. ఒత్తక్షరాలైన ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ లకు ఇప్పుడే తొందర లేదు. పిల్లల మాటల్లో అరుదుగా వినిపించే ధ్వనులకు మొదటి నెలల సమయాన్ని ఖర్చు చేయడం వల్ల మిగతా పని వెనకబడుతుంది.

అక్షరాన్ని దిద్దించేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో పిల్లల వైపు వీపు పెట్టి, గాలిలో పెద్దగా రాసి చూపించండి. ఎదురుగా నిలబడి రాస్తే మీ కుడి వారికి ఎడమగా కనబడుతుంది.

4. కార్డులతో పదాలు చేయించండి

నలుగురైదుగురు పిల్లల జట్టుకు ఆరు అక్షరాల కార్డులు ఇచ్చి, మీరు పదం చెప్పండి. వారు కార్డులను వరుసగా పేర్చి, ఒక్కో కార్డు మీద వేలు పెడుతూ చదవాలి. తరువాత ఒక్క కార్డు మాత్రమే మార్చమనండి: వల లో వ తీసి త పెడితే తల అవుతుంది, త తీసి క పెడితే కల అవుతుంది. ఒక్క అక్షరం మారితే అర్థమే మారిపోతుందని పిల్లలు కళ్ళారా చూస్తారు, ఆ తరువాత ప్రతి అక్షరాన్నీ శ్రద్ధగా చూడటం మొదలుపెడతారు. నా దృష్టిలో మొత్తం పద్ధతిలో విడిచిపెట్టకూడని మెట్టు ఇదే. సమయం చాలని రోజున మిగతావి తగ్గించుకోండి కానీ దీన్ని తగ్గించకండి.

సంచిలోంచి రెండు మూడు కార్డులు చూడకుండా తీసి వచ్చినదాన్ని చదివించే ఆట కూడా మంచిది. 'డలప' వంటి అర్థం లేని పదం వచ్చినా చదవనివ్వండి, నవ్వనివ్వండి. అర్థం లేని పదాన్ని చదవగలిగాడంటే గుర్తుపట్టి చదువుతున్నాడు, గుర్తుపెట్టుకుని చెప్పడం లేదు.

ఒకే గదిలో రెండు తరగతులు ఉంటే, రెండో తరగతి పిల్లలకు ఎక్కాలో చూచివ్రాతో ఇచ్చి, ఈ పది నిమిషాలు ఒకటో తరగతి దగ్గర కూర్చోండి. పదాలు వచ్చిన పెద్ద పిల్లవాడిని జట్టుకు ఒకరిని కూర్చోబెట్టవచ్చు. అయితే చిన్నవారికి జవాబు తానే చెప్పేయకుండా, "ముందు నువ్వు వేలు పెట్టు" అని మాత్రమే అనాలని అతనికి ముందే నేర్పండి.

5. గుణింతాన్ని అడ్డంగా నేర్పండి

సాధారణంగా క తీసుకుని క, కా, కి, కీ అంటూ చివరిదాకా వెళ్ళి, తరువాత గ తీసుకుంటాము. ఈ వరుసలో పిల్లవాడు ఒక్కసారే పన్నెండుకు పైగా కొత్త గుర్తులు చూస్తాడు, ఒక్కటీ నిలవదు. బదులుగా ఒక్క గుర్తు తీసుకుని, వచ్చిన అక్షరాలన్నిటికీ దాన్ని తగిలించండి. దీర్ఘం అయితే తా, లా, పా, డా, కా, వా, మా, రా. రెండు రోజులు ఇదే చేసి, వెంటనే తాత, పాప, మామ, వాన, పాక, మాల అనే పదాలు చదివించండి.

పలక మీద ఇలా చేయించండి. పిల్లవాడు 'త' రాస్తాడు. "తలకట్టు చెరుపు" అంటే చూపుడువేలితో తలకట్టును మాత్రమే తుడుస్తాడు. "దీర్ఘం పెట్టు" అంటే పెడతాడు, 'తా' అని చదువుతాడు. మళ్ళీ దీర్ఘం చెరిపి గుడి పెడితే 'తి'. దీనివల్ల కింది అక్షరం అలాగే ఉండి పైన గుర్తు మాత్రమే మారుతోందన్న సంగతి వేళ్ళకు తెలుస్తుంది. కొమ్ము, కొమ్ముదీర్ఘం పెట్టేటప్పుడు మాత్రం తలకట్టును చెరపకూడదు, అది ఉండగానే పక్కన కొమ్ము వస్తుంది. ల, జ, ట, బ, ణ, ఖ అక్షరాలకు అసలు తలకట్టే లేదు కాబట్టి, అక్కడ చెరపడానికి ఏమీ ఉండదని ముందుగా చెప్పండి. లేకపోతే పిల్లలు అక్షరంలోని ముక్కనే చెరిపేస్తారు.

గుర్తులను ఈ క్రమంలో తీసుకుంటే పదాలు త్వరగా పోగవుతాయి: దీర్ఘం, సున్న, గుడి, కొమ్ము, తరువాత గుడిదీర్ఘం, కొమ్ముదీర్ఘం, ఆపైన ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం. గుడితో గది, నది, దారి, కాకి, గిలక వస్తాయి. కొమ్ము రాగానే పులి, పాలు, కాలు, తాడు, కుడి, పురుగు, నాలుక వస్తాయి, అంటే పిల్లల చుట్టూ ఉన్న మాటల్లో పెద్ద భాగం చదువులోకి వచ్చేస్తుంది. ఐత్వం, ఔత్వం తరువాత చూసుకోవచ్చు. వట్రుసుడి, విసర్గ రెండో తరగతిలో పదాలు ఎదురైనప్పుడు చెబితే చాలు.

కొన్ని చోట్ల ఆకారాలు మారతాయి, ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. ప, ఫ, వ లకు కొమ్ము కిందినుంచి వస్తుంది. 'వు' ను, 'మ' ను పక్కపక్కన రాసి తేడా చూపించకపోతే 'ఆవు' ను 'ఆమ' అని చదువుతారు. మ, య వంటి అక్షరాలకు ఒత్వం పెట్టినప్పుడు, తలమీద ఒత్వం గుర్తుకు బదులు ఎత్వం, పక్కన కొమ్ము కలిసి వస్తాయి. అందుకే 'మొ' చూసి పిల్లవాడు 'మె' అంటాడు. 'మి', 'యి' కూడా మిగతా గుడి అక్షరాల్లా కనబడవు. వీటిని నియమాలుగా వివరించకండి. మొదటిసారి పదంలో ఎదురైనప్పుడు "ఇది మొ, మొలక లో మొ" అని చెప్పి, ఆ కార్డును వారం రోజులు గోడకు తగిలించండి.

పొట్టి, పొడుగు ధ్వనుల తేడా కోసం జంట పదాలు చదివించండి: వడ, వాడ. పడు, పాడు. విడి, వీడి. నెల, నేల. మెడ, మేడ. కొన, కోన. మీరు ఒక పదం పలికితే పిల్లలు రెండు కార్డుల్లో సరైనదాన్ని ఎత్తి చూపాలి. ఈ ఆట మూడు నిమిషాల్లో అయిపోతుంది, ఎవరు తప్పు కార్డు ఎత్తారో ఒక్క చూపులో తెలుస్తుంది.

6. రోజూ కొత్త వాక్యం చదివించండి

పదాలు పోగైన కొద్దీ, వచ్చిన గుర్తులతోనే రెండు మూడు చిన్న వాక్యాలు మీరే తయారుచేసి బోర్డు మీద రాయండి. "గోడ మీద కోడి. కోడి మీద దోమ." వంటివి చాలు. చెప్పని అక్షరం వాక్యంలో దూరకుండా చూసుకోండి, అదే ఇక్కడ కష్టమైన పని. ముందుగా పిల్లలందరికీ నిమిషం సేపు మౌనంగా చూడమని చెప్పి, ఆ తరువాత ఒక్కొక్కరిని పిలిచి వేలు పెట్టి చదివించండి. చదివిన వెంటనే "కోడి ఎక్కడ ఉంది?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే చదివినట్టు కాదు.

బడిలో కనబడే రాత కూడా వాడుకోండి. మధ్యాహ్న భోజనానికి ముందు ఆ రోజు వంటల పేర్లు బోర్డు మీద రాసి "ఈ రోజు ఏం పెడతారో చదవండి" అంటే, ఆకలి మీదున్న పిల్లలు రాగిజావ, కూర, సాంబారు అనే పదాలను ఎవరూ బలవంతపెట్టకుండానే కూడబలుక్కుంటారు. రాని అక్షరం ఉన్నా ఇక్కడ ఫరవాలేదు, మీరే చదివి వినిపించండి. ప్రతి పిల్లవాడి పేరూ ఒక అట్ట మీద రాసి, హాజరు వేసేటప్పుడు తన అట్టను తానే వెతికి గూటిలో పెట్టేలా చేయడం కూడా ఇటువంటిదే.

పీరియడు చివర అయిదు నిమిషాలు మీరు కథ చదివి వినిపించండి. పుస్తకం పిల్లల వైపు తిప్పి, చదివే మాట కింద వేలు కదుపుతూ చదవండి. ఈ అయిదు నిమిషాల్లో ప్రశ్నలు వేసి పరీక్ష పెట్టకండి.

7. పలక మీద చెప్పివ్రాత

రోజూ అయిదు పదాలు చాలు: మూడు పాతవి, రెండు కొత్తవి. పదాన్ని ఒకసారి మామూలుగా పలకండి, పిల్లలు తిరిగి పలకాలి, చప్పట్లతో విడదీయాలి, ఆ తరువాత రాయాలి. రాసినదాన్ని పైకి చదివాక పలక ఎత్తి చూపాలి. తప్పు రాసిన పిల్లవాడికి సరైన పదం మీరు రాసి ఇవ్వకండి. "నువ్వు రాసింది చదువు" అనండి. 'తడు' అని రాసినవాడు దాన్ని తానే చదివితే, "తాడు కదా" అని ఉలిక్కిపడి దీర్ఘం పెడతాడు. అలా తానుగా దిద్దుకున్న తప్పు మళ్ళీ రావడం తక్కువ.

చూచివ్రాతకు తన చోటు తనకుంది, అక్షరం గుండ్రంగా కుదరడానికి అది పనికొస్తుంది. అయితే ఒకే పదాన్ని పదిసార్లు రాసే పిల్లవాడు రెండోసారి నుంచి పై గీతను చూసి బొమ్మలా దించుతాడు, కొందరు మొదటి అక్షరాన్ని నిలువుగా పదిసార్లు, తరువాత రెండో అక్షరం పదిసార్లు రాస్తారు. అందులో చదువు జరగడం లేదు. ఇంటిపనిగా పదిసార్ల చూచివ్రాతకు బదులు "మీ ఇంట్లో ప తో మొదలయ్యే మూడు వస్తువుల పేర్లు రాసుకురండి" అని ఇవ్వండి.

8. వత్తులు ఎప్పుడు?

గుణింత పదాలు ధారాళంగా చదవడం మొదలయ్యాక వత్తులకు వెళ్ళండి. ముందుగా అదే అక్షరానికి అదే వత్తు వచ్చే పదాలు తీసుకోండి: గడ్డి, అప్ప, బుగ్గ, చెట్టు, డబ్బు. వీటిలో వత్తు చూడటానికి తలకట్టు లేని చిన్న అక్షరంలా ఉంటుంది కాబట్టి సులువుగా గుర్తుపడతారు. త, న, మ, య, ర, ల వత్తుల ఆకారం మాత్రం అసలు అక్షరాన్ని పోలదు. అత్త, అన్న, అమ్మ, అయ్య, బర్రె, పిల్లి అనే పదాలతో ఒక్కొక్కదాన్నీ విడిగా, రోజుకొకటి చొప్పున చెప్పండి. అత్త, అన్న, అమ్మ ఇంట్లో రోజూ పిలిచే పిలుపులే కాబట్టి పిల్లలు మొదటి నుంచీ వీటిని బొమ్మలా గుర్తుపట్టి ఉంటారు, ఇప్పుడు లోపలి గుర్తు చూపిస్తే చాలు.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్దది, అందరిచేత ఒక్కసారిగా చదివించడం. గది మారుమోగుతుంది కాబట్టి తరగతి అంతా చదువుతున్నట్టే అనిపిస్తుంది, కానీ నలుగురు చదువుతుంటే మిగతావారు అర క్షణం వెనకగా అందుకుంటారు. గొంతు కలిపి చదవడం వద్దని కాదు, దాని తరువాత తప్పకుండా అయిదుగురిచేత విడివిడిగా చదివించాలి. రేపు ఇంకో అయిదుగురు. పేర్ల పుస్తకంలో గుర్తు పెట్టుకోకపోతే చెయ్యెత్తిన పిల్లలే రోజూ చదువుతారు, వెనక వరుస మిగిలిపోతుంది.

"క కు దీర్ఘమిస్తే కా, క కు గుడి ఇస్తే కి, కాకి" అని ప్రతి పదాన్నీ అలా చెప్పించడం రెండో పొరపాటు. గుర్తు నేర్పిన రోజున అది అవసరమే. వారం గడిచాక కూడా కొనసాగితే, అంత పొడుగు మాటల మధ్య అసలు పదం కొట్టుకుపోతుంది. 'కా' అని ఒక్కసారిగా చదవడం అలవాటు చేయండి.

చదివేటప్పుడు పిల్లల యాసను దిద్దడం మరొకటి. శ ను స లా, ణ ను న లా పలికినంత మాత్రాన చదవడం రాదనుకోకూడదు. గుర్తుపట్టాడా, అర్థమైందా అన్నదే ఈ వయసులో చూడవలసింది. రాతలో తేడా నిదానంగా వస్తుంది.

అక్షరాలను తిరగేసి రాయడం ఈ వయసులో మామూలే, మందలించవద్దు. ఎడమచేత్తో రాసే పిల్లవాడి చేయి మార్చవద్దు. బోర్డు మీదిది తప్పుగా చదువుతూ, దగ్గరగా పెట్టిన పుస్తకంలోది సరిగా చదివే పిల్లవాడిని ముందు వరుసలోకి మార్చి, కళ్ళు చూపించమని తల్లిదండ్రులకు చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందం బడికి వచ్చినప్పుడు ఆ పిల్లవాడి పేరు ముందుగా ఇవ్వండి.

వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ప్రతి శనివారం తరగతిలో మూడో వంతు పిల్లలను చూస్తే, మూడు వారాల్లో అందరూ పూర్తవుతారు. ఒక్కొక్కరికి నాలుగు పనులు ఇవ్వండి. వరుస తప్పించిన పది గుణింత అక్షరాలు చదవాలి. ఎప్పుడూ చెప్పని, వచ్చిన అక్షరాలతోనే ఉన్న అయిదు పదాలు చదవాలి. 'లడిపు', 'మోతక' వంటి అయిదు ఉత్తుత్తి పదాలు చదవాలి. ఇవి నిజం పదాలు కావని ముందే చెప్పండి, లేకపోతే పిల్లలు తెలిసిన పదంగా మార్చి చదువుతారు. చివరగా రెండు వాక్యాలు చదివి ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. పదింటిలో ఎనిమిది, అయిదింటిలో నాలుగు వస్తే ముందుకు వెళ్ళవచ్చు. నిజం పదాలు అయిదూ చదివి, ఉత్తుత్తి పదాల్లో ఒక్కటే చదివినవాడు ఊహించి చదువుతున్నాడని అర్థం. అతన్ని నాలుగో మెట్టులోని సంచి ఆటకు వెనక్కి తీసుకురండి.

చిన్న తరగతుల పిల్లలకు అర్థం చేసుకుంటూ చదవడం, లెక్కలు చేయడం రావాలని 2021 జులై 5న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం, ఒకటో తరగతి చివరికి పిల్లలు తమకు తెలియని పాఠంలో నాలుగైదు సులువైన పదాలున్న చిన్న వాక్యాలను చదవగలగాలి. రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవగలగాలి. మొదటి లక్ష్యం పై పద్ధతితో అందుతుంది. రెండోదాని విషయంలో గడియారం పట్టుకుని పిల్లలను పరుగెత్తించవద్దని నా అభిప్రాయం, ఎందుకంటే తెలుగులో 'చదువుకుంటున్నారు' కూడా ఒక్క పదమే, 'తల' కూడా ఒక్క పదమే. పాఠాన్ని బట్టి లెక్క మారిపోతుంది. అదే పిల్లవాడు అదే పాఠాన్ని పది రోజుల తరువాత ఎంత తేలిగ్గా చదువుతున్నాడో చూడండి.

ఇంట్లో చెప్పుకునే తల్లిదండ్రులు పైవాటిలో రెండు, నాలుగు, ఏడు మెట్లను రోజుకు పదిహేను నిమిషాలు చేయిస్తే చాలు. ఇతర రాష్ట్రాల్లో, విదేశాల్లో వారానికి ఒక్క గంట తెలుగు తరగతి నడిపేవారు ఆ గంటలో కొత్త గుర్తు ఒక్కటే చెప్పి, కార్డుల సంచిని పిల్లలతో ఇంటికి పంపాలి. వారం మధ్యలో ఎవరూ ముట్టుకోని అక్షరం తరువాతి ఆదివారానికి నిలవదు.

మూడు వారాల తరువాత కూడా ఒక పిల్లవాడు ఆరు అక్షరాల దగ్గరే ఉంటే, ఆ ఆరింటిని మూడుకు తగ్గించండి. అతని పేరులోని మొదటి అక్షరం, అమ్మ పేరులోని మొదటి అక్షరం, ఇంకొకటి తీసుకుని, కార్డులకు బదులు ఇసుకలో వేలితో దిద్దించండి. రోజూ ఒకే సమయానికి, ఎవరూ చూడని చోట, అయిదు నిమిషాలు చేయించండి. వినికిడి లోపం ఉందేమో ఒకసారి గమనించండి: వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, చప్పట్ల ఆటలో మీ నోటిని చూస్తేనే చెప్పగలుగుతున్నాడా? అనుమానం కలిగితే ఆ వారంలోనే తల్లిదండ్రులతో మాట్లాడి వైద్యుడి దగ్గరకు పంపండి, అక్షరాల పని మాత్రం ఆపకండి.